ముప్పై నాలుగు ముక్కల గుడారం

నా పనితనం మీద నాకు పొగరెక్కువ. మా ఆయన బతికున్న రోజుల్లో ఈ మాట రోజుకోసారి అనేవాడు, నేను రోజుకోసారి ఒప్పుకునేదాన్ని. లారీల మీద కప్పే పట్టాలు, కొట్ల ముందు ఎండకు కట్టే గుడ్డలు, సభలకు వేసే డేరాలు, ఈ చుట్టుపక్కల వీటిలో సగం నా మిషన్ కింద నుంచి వచ్చినవే. నేను కుట్టిన డేరా వానకు కారిందని ఇంతవరకు ఎవరూ నా గుమ్మం తొక్కలేదు. అందుకే జరిగినది చెప్పాలంటే ముందు ఆ పొగరు సంగతే చెప్పాలి. తప్పు అక్కడే మొదలైంది.

కొట్లో రెండు మిషన్లు. ఒకటి నాది, రెండోది మా తోడికోడలిది. ఆమెను నేను చిన్నది అంటాను. సరిహద్దుకు అవతల పుట్టిన మనిషి. మా మరిది లారీ వేసుకుని అటు వెళ్లి వస్తూ ఉండేవాడు, ఒకసారి సరుకుతోపాటు ఈమెను కూడా దించాడు. మొదటి ఆరు నెలలు నేను ఆమెతో మాట్లాడలేదు. ఆమె కాజా కుట్టడం చూశాక మాట్లాడకుండా ఉండలేకపోయాను. తర్వాత అన్నదమ్ములిద్దరూ ఒకే లారీలో వెళ్లి ఒకే రోజు పోయారు. చిన్నదాని నివాస కాగితాల కోసం మరిది పెట్టిన అర్జీ ఆయనతోపాటే పోయిందని ఆఫీసులో చెప్పారు. భర్త లేడు కాబట్టి అర్జీ చెల్లదట, అర్జీ చెల్లదు కాబట్టి మనిషి కూడా చెల్లదట. కూతురు ఇక్కడే పుట్టినా, తల్లే లేనప్పుడు పిల్ల ఎక్కడిదన్నట్టు దాని పేరు కూడా ఏ పుస్తకంలోనూ ఎక్కించలేదు. దానికి ఐదేళ్లు. మిషన్ల కింద రాలిన పీలికలతో బొమ్మలకు బట్టలు చుడుతూ ఉంటుంది. నాకు పిల్లలు లేరు. ఇంట్లో ముగ్గురం ఆడవాళ్లం, కాగితం మీద నేనొక్కదాన్నే.

ఇలా ఉండగా బొమ్మలావిడ వచ్చింది. బొమ్మలు గీసేది, ప్రదర్శనలు పెట్టేది కాబట్టి ఆ పేరు మేం పెట్టుకున్నదే. పెద్ద కాగితం మీద గుడారం బొమ్మ గీసుకుని తెచ్చింది. మనిషి లోపలికి వెళ్లి నిలబడేంత గుడారం. కొత్త గుడ్డ ఒక్క గజం కూడా వాడకూడదు. అవతల నుంచి వచ్చి ఇక్కడ తలదాచుకుంటున్నవాళ్లు వాడిన బట్టలతోనే కుట్టాలి. దుప్పట్లు, కోట్లు, చొక్కాలు, పిల్లల గౌన్లు.

"నెత్తిన నీడ ఉండడం మనిషి హక్కు. చూడ్డానికి వచ్చినవాళ్లు ఒక్క నిమిషం ఆ బట్టల కింద నిలబడితే చాలు, అర్థమవుతుంది. ఇదొక ఇన్‌స్టలేషన్" అంది.

ఆ మాట ఆవిడ అన్నప్పుడల్లా నాకు గ్యాసు పొయ్యి బిగించడానికి వచ్చే మనిషి గుర్తొచ్చేవాడు. అయినా మనిషి మంచిది. కళ్లలో కల్మషం లేదు. "పేర్లు వద్దు, ఫొటోలు వద్దు, వాళ్లకు ప్రమాదం" అని తనే పదిసార్లు చెప్పింది. నేను నవ్వాను. బట్టకు పేరెక్కడుంటుంది?

ఆ బట్టలు పోగుచేసింది చిన్నది. అవతలివాళ్లు అందరినీ నమ్మరు. ఆమెను నమ్మారు. పిల్లను చంకనేసుకుని సందు సందూ తిరిగి, మెట్లెక్కి, తలుపులు తట్టి అడిగింది. ముప్పై మూడు ఇళ్లవాళ్లు తలో గుడ్డ ఇచ్చారు. అందరూ ఒకే మాట అడిగారట, తిరిగి ఇస్తారు కదా అని. ఉన్నవే రెండు దుప్పట్లయినప్పుడు ఒకటి ఇచ్చేవాడు అడగడా మరి? నా కూతురి మీద ఒట్టు, ఎవరిది వాళ్ల చేతిలో పెడతానని చెప్పి వచ్చింది. ముప్పై నాలుగో ముక్క మాది. చిన్నదీ పిల్లా కప్పుకునే నీలం దుప్పటి.

తిరిగి ఇవ్వాలంటే ఏది ఎవరిదో తెలియాలి. ఇక్కడ మా అత్తగారి పద్ధతి ఉపయోగపడింది. సుద్ద చెరిగిపోతుందని, సిరా పాకుతుందని, చీటీ ఊడిపోతుందని ఆవిడ దేన్నీ నమ్మేది కాదు. గుడ్డ చేతికి రాగానే లోపలి మడతలో ఎర్రదారంతో చిన్న గుర్తు కుట్టేది. ముందు వీధి గుర్తు. పిండిమర వీధికి గుండ్రంగా ఒక చుట్టు, చేపల సందుకు ముల్లు, మా తాళాల సందుకు తాళంచెవి. దాని పక్కన ఎన్ని అడ్డగీతలుంటే అన్నో అంతస్తు. చివర ముడులు. ఆ గుడ్డ ఎంతమందిదో అన్ని ముడులు, ఒకరు లేకపోతే ఇంకొకరి చేతికి ఇచ్చి రావచ్చని. నలభై ఏళ్లలో మా కొట్లో ఒక్క గుడ్డ కూడా తారుమారు కాలేదు. నేనూ అలాగే ముప్పై నాలుగు గుర్తులూ వేసి, గుడారం కుట్టేశాను. బయటికి ఏమీ కనిపించదు. మడత తిప్పితే తప్ప.

ప్రదర్శన ఒక పాత గిడ్డంగిలో. ఆ హాలు మధ్యలో గుడారం నిలబెట్టి, లోపల ఒక దీపం పెట్టేసరికి నా చేత్తో కుట్టినదాన్ని నేనే గుర్తుపట్టలేకపోయాను. చొక్కాల చేతులు గోడల్లోంచి బయటికి వచ్చినట్టున్నాయి. పెద్ద పెద్దవాళ్లు వచ్చారు. లోపలికి వెళ్లేటప్పుడు మాట్లాడుకుంటూ వెళ్లినవాళ్లు బయటికి వచ్చేటప్పుడు మాట్లాడలేదు. ఒక పెద్దాయన కళ్లద్దాలు తుడుచుకున్నాడు. బొమ్మలావిడ నన్ను, చిన్నదాన్ని ముందుకు పిలిచి చప్పట్లు కొట్టించింది. సంతోషంగానే ఉంది, కాదనను. కానీ ఒక్కరు కూడా కుట్టు సంగతి ఎత్తలేదు. బాధ అన్నారు, బతుకు అన్నారు, మానవత్వం అన్నారు. ముప్పై నాలుగు రకాల బట్ట, ఒకటి సాగేది, ఒకటి సాగనిది, అన్నిటినీ ఒక్క ముడత లేకుండా కలిపి కుట్టడం ఎంత కష్టమో ఒక్క ప్రాణికి పట్టలేదు.

అప్పుడు ఆయన కనిపించాడు. బూడిదరంగు కోటు, నెరిసిన జుట్టు. గుమ్మం దగ్గర వంగి, గుడారం అంచు రెండు వేళ్లతో పట్టుకుని, తిరగేసి లోపలి కుట్టు చూస్తున్నాడు.

బట్ట చేతికి ఇస్తే ముందు తిరగేసి చూసేది మా అత్తగారు. మా ఆయన అలా చూసేవాడు. కుట్టుపని తెలిసినవాడు తప్ప ఇంకెవడూ అలా చూడడు. నాకు ఆయన మీద ఎక్కడలేని గౌరవం పుట్టింది.

"ఇంత సన్నటి కుట్టు ఈ మధ్య కాలంలో చూడలేదమ్మా. మా నాన్న దర్జీ. ఈ ఎర్రదారం ఏమిటి, అలంకారమా?" అన్నాడు. గొంతు ఎంత మెత్తగా ఉందంటే, వినడానికి నేనే దగ్గరికి జరిగాను.

పొంగిపోయాను. అడిగింది ఒకటైతే నేను చెప్పింది పది. అత్తగారి పద్ధతి చెప్పాను. గుమ్మం పక్కనున్న కోటు మడత తిప్పి, "ఇదిగో, ఈ చుట్టు పిండిమర వీధి, రెండు గీతలు కాబట్టి రెండో అంతస్తు" అన్నాను. దాని పక్క గౌను తిప్పి, "ఈ ముల్లు చేపల సందు, నేల ఇల్లు" అన్నాను. ఆయన తలూపుతూ విన్నాడు.

"మరి ఈ ముడులు?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపు చిన్నది వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది. "అక్కా, పిల్లకు నిద్రొస్తోంది, పోదాం" అంది. పిల్ల శుభ్రంగా మేలుకుని ఉంది. బయటికి వచ్చాక నేను కసిరాను, పెద్దమనిషి ముందు మర్యాద లేకుండా లాక్కొచ్చావేంటని. ఆమె పిల్లను చంకనేసుకుని ముందు నడిచింది. ఆయనకు నేను మెత్తటాయన అని పేరు పెట్టుకుని, రెండు రోజులు ఆయన మెచ్చుకోలు తలుచుకుని మురిశాను. ఇది చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది, అయినా చెబుతున్నాను.

మూడో రోజు పిండిమర వీధిలో రెండో అంతస్తు ఖాళీ అయింది.

అక్కడ మొగుడూ పెళ్లాం, ఇద్దరు పిల్లలు ఉండేవాళ్లు. పగలు పదకొండింటికి కిటికీలు లేని వ్యాను ఒకటి వచ్చి ఆగిందట. కేకలు లేవు, కొట్టడం లేదు. వచ్చినవాళ్లు మెట్లెక్కి, తల్లినీ పిల్లలనూ కిందికి తీసుకొచ్చి ఎక్కించుకుని వెళ్లారు. మొగుడు రొట్టెల బట్టీలో పనికి వెళ్లాడు కాబట్టి మిగిలాడు. సాయంత్రం వచ్చి చూస్తే తలుపు బార్లా తెరిచి ఉంది, పొయ్యి మీద గిన్నె అలాగే ఉంది. ఆ మనిషి మా కొట్టుకు వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. "పిల్లల్ని వేరే షెడ్డులో ఉంచుతారటండి. తల్లితో ఉండనివ్వరట" అన్నాడు.

ఎవరో చెప్పి ఉంటారు అనుకున్నాం. ఇంటి యజమానిని అనుమానించాం, కింది వాటా ముసలమ్మను అనుమానించాం. ఐదో రోజు చేపల సందులో నేల ఇల్లు ఖాళీ అయింది. ఆ కబురు విన్నప్పుడు నేను మిషన్ తొక్కుతున్నాను. కాలు ఆగిపోయింది. కోటు, దాని పక్క గౌను. నేను ఏ వరసలో చెప్పానో అదే వరస.

చిన్నదాని వైపు చూడలేకపోయాను. తల వంచుకుని, దారం తెగిందని అబద్ధమాడి, సూదిలోకి దారం ఎక్కించుకుంటూ కూర్చున్నాను. ఎంతకీ ఎక్కలేదు.

ఆ మధ్యాహ్నమే బొమ్మలావిడ దగ్గరికి పరిగెత్తాను. విషయం చెబితే ఆవిడ ముఖం పాలిపోయింది. గుడారం ఇప్పేద్దామన్నాను. ఆవిడ నీళ్లు నమిలింది. హాలు తనది కాదట. ప్రదర్శన నెలరోజులకు ఒప్పందమట. చుట్టూ తాడు కట్టి కాపలా పెట్టేశారట, తను కూడా చెయ్యి వెయ్యడానికి లేదట. "నిన్న ఒకాయన వచ్చి మడతలన్నీ ఫొటోలు తీసుకున్నాడు. పరిశోధనకు అన్నాడు. నేనే పక్కనుండి తీయించాను" అని ఏడ్చింది. ఆవిడను తిట్టడానికి నాకు నోరు రాలేదు. నేను చేసింది అంతకంటే ఘనకార్యం కదా.

ఆ సాయంత్రమూ మర్నాడూ చిన్నదీ నేనూ చెరో వైపు తిరిగి, ఇల్లు మారమని అందరికీ చెప్పాం. కొందరు అప్పటికప్పుడు మూట కట్టుకుని వెళ్లిపోయారు. కొందరు మమ్మల్ని గుమ్మంలో నిలబెట్టే మాట్లాడారు. పదకొండు ఇళ్లవాళ్లు కదల్లేమన్నారు. ఒక ఇంట్లో తల్లి మంచం దిగలేదు. ఒక ఇంట్లో కోడలికి నెలలు నిండాయి. ఇంకొకచోట పిల్లవాడికి ఆపరేషన్ అయి కుట్లు ఆరలేదు. కనీసం పదిహేను రోజులు గడువు కావాలన్నారు, ఆ గడువేదో నా చేతిలో ఉన్నట్టు.

ఏడో రోజు పొద్దున మెత్తటాయన మా కొట్టుకు వచ్చాడు.

గుమ్మం బయటే చెప్పులు విప్పాడు. కూర్చోమనకపోయినా కూర్చున్నాడు. సంచిలోంచి ఫొటోల కట్ట తీసి కత్తిరింపుల బల్ల మీద పేకముక్కల్లా పరిచాడు. అన్నీ నా ఎర్రదారం గుర్తులే.

"రెండు చదవగలిగాను, మీ దయ వల్ల. మిగతావి మీరే చదివి పెట్టాలి" అన్నాడు.

"ఏ ఆఫీసండీ మీది?"

"లెక్కలు చూసుకునే ఆఫీసు. ఎవరు ఎక్కడున్నారో తెలియాలి కదమ్మా. మీరు గుడ్డకు గుర్తు పెట్టుకుంటారు చూడండి, అలాంటిదే."

చిన్నది తన మిషన్ దగ్గర తల ఎత్తకుండా కుడుతోంది. కానీ కింద దారం అయిపోయింది, మిషన్ ఉత్తినే తిరుగుతోంది. ఆ చప్పుడు నాకు తెలిసింది. దర్జీ కొడుక్కి తెలియకుండా ఉంటుందా? ఆయన మెల్లగా వంగి బల్ల కిందికి చూశాడు. పిల్ల పీలికలు ముందేసుకుని కూర్చుంది.

"పాప ముద్దుగా ఉంది. ఎవరి పాప?" అన్నాడు.

"మా పాప" అన్నాను.

"మీ పాప" అన్నాడు, అంతే మెత్తగా.

ఫొటోలో దారం పైనుంచి పోయిందో కిందినుంచి పోయిందో తెలియదని, గుడ్డ చేత్తో పట్టుకుంటేనే చదవగలనని చెప్పాను. సగం నిజమే. ఆయన సోమవారం హాలుకు సెలవని, పది గంటలకు రమ్మని, తనే రాసుకుంటానని చెప్పాడు. మూడు రోజులు దొరికాయి. ఆయన వెళ్లాక సందు చివర చూస్తే ఒక కారు నిలబడి ఉంది. సాయంత్రానికి అందులో మనిషి మారాడు గానీ కారు కదల్లేదు.

ఆదివారం మధ్యాహ్నం అన్నాలయ్యాక పిల్ల నిద్రపోయింది. చిన్నది గిన్నెలు కడుగుతూ అడిగింది. "రేపేం చదువుతావు?"

"నోటికొచ్చింది చదువుతాను. ఖాళీ అయిన ఇళ్లు నిజమే చెబుతాను. ఆ పదకొండిళ్లూ మాత్రం ఎక్కడివో ఎక్కడికో మార్చేస్తాను. వెళ్లి చూస్తే ఎవరూ ఉండరు. గుర్తు వేసినప్పుడు ఉన్నారు, ఇప్పుడు లేకపోతే నేనేం చెయ్యనంటాను."

"నమ్ముతాడా?"

"ఎందుకు నమ్మడు?"

"ఊరికే నమ్మడక్కా. ముందు తనకి తెలిసిందేదో అడుగుతాడు. అది నిజం చెబితే మిగతావి నమ్ముతాడు. తనకి తెలిసింది మన ఇల్లే కదా."

నేను ఆ మాట రాకూడదని మూడు రోజులుగా చూస్తున్నాను. వచ్చేసింది.

"మన ఇల్లు నేను చెప్పను" అన్నాను.

"చెప్పాలి. వాళ్లు నిన్ను చూసి ఇవ్వలేదు, నన్ను చూసి ఇచ్చారు. పిల్ల మీద ఒట్టేసి తెచ్చాను. నేనెలాగూ కదల్లేను, కారు ఇక్కడే ఉంది. అది ఇక్కడున్నన్నాళ్లూ వాళ్ల ఇళ్లకు పోదు." చేతులు తుడుచుకుని నా ఎదురుగా కూర్చుంది. "ఇద్దరం అని చెప్పు. పిల్ల నాతోనే ఉండాలి. ఎక్కడికి పంపినా సరే, నాతోనే. మాటివ్వు."

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. "పిండిమర ఇల్లు చెప్పింది నేనేనే" అన్నాను.

"తెలుసు. పక్కనే ఉన్నాను కదా."

ఏడు రోజులు తెలిసీ ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. నేను ఆమె చేతిలో చెయ్యి వేసి, ఇద్దరని చెబుతానని మాటిచ్చాను.

సోమవారం హాల్లో మేమిద్దరమే ఉన్నాం. నా కోసం కుర్చీ వేసి, గ్లాసుతో మంచినీళ్లు పెట్టాడు. దీపం లేకపోయేసరికి గుడారం ఉత్త పాత బట్టల కుప్పలా ఉంది. నేను గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చోబోతే ఆయన ఆగమన్నట్టు చెయ్యి ఎత్తి, గుడారం వెనక్కి నడిచాడు. తిన్నగా నీలం దుప్పటి దగ్గరికి వెళ్లి, మడత తిప్పి పట్టుకున్నాడు.

"ముందు ఇది" అన్నాడు.

వేలితో తడిమాను. నేను వేసిన గుర్తును నేనే గుడ్డిదానిలా తడుముతూ నిలబడ్డాను. ఎంతసేపు తడిమినా అది తాళంచెవి కాకుండా పోదు.

"తాళాల సందు. నేల ఇల్లు. డేరాల కొట్టు వెనక గది."

"అంటే మీ ఇల్లు."

"మా ఇల్లే."

ఆయన ముఖంలో గెలిచిన సంతోషం ఏమీ లేదు. పుస్తకంలో రాసుకున్నాడు. ఆ చేతిరాత కూడా చక్కగా ఉంది.

"రెండు ముడులున్నాయి. ఆ రోజు చెప్పబోయి ఆగిపోయారు. మనుషుల లెక్కేనా?"

"అవును."

"అయితే ఇద్దరు."

అవును అంటే సరిపోయేది. అనడానికే వచ్చాను. ఆ మాటే ఇచ్చి వచ్చాను. కానీ నాకు ఆ క్షణంలో పిండిమర వీధి మనిషి మా కొట్లో కుర్చీలో కూర్చుని వేరే షెడ్డు అన్న మాట వినిపించింది. పొద్దున నేను బయల్దేరుతుంటే పిల్ల నా కొంగుకు పీలిక ముడేసి, విప్పకుండా తిరిగి రమ్మంది. అది ఇంకా అలాగే ఉంది.

"ఒక్కరే" అన్నాను. "చివరి ముడి లెక్కలోకి రాదు. దారం ఊడకుండా వేసేది. మీ నాన్నగారూ వేసే ఉంటారు."

ఆయన నన్ను చూశాడు. తర్వాత గుమ్మం పక్కకు వెళ్లి కోటు మడత తిప్పి చూశాడు. "ఇక్కడ నాలుగు ముడులు. దొరికింది ముగ్గురు" అని తనలో తను అనుకున్నట్టు అన్నాడు. నాలుగోవాడు ఆ పూట రొట్టెల బట్టీలో ఉన్నాడు కాబట్టి నా అబద్ధం నిజమైపోయింది. రెండును కొట్టేసి ఒకటి వేసుకున్నాడు. బయటికి వెళ్లి ఫోన్‌లో నాలుగు మాటలు మాట్లాడి వచ్చాడు.

"తర్వాతది చదవండమ్మా."

చదివాను. ఒకటిన్నర వరకు ముప్పై మూడు ముక్కలూ చదివాను. ఖాళీ అయినవి ఉన్నవి ఉన్నట్టు, పదకొండు మాత్రం ఊరి ఈ కొసవి ఆ కొసకు. ప్రతి ఇంటికీ ఒక ముడి తగ్గించి చెప్పాను. ఆయన అన్నీ నమ్మాడు. ఎందుకు నమ్మడు? సొంత తోడికోడల్ని చెప్పిన మనిషి పరాయివాళ్ల కోసం అబద్ధమాడుతుందా? వెళ్లేటప్పుడు నమస్కారం కూడా పెట్టాడు. ఆ పదకొండు ఇళ్లూ ఆ పదిహేను రోజులూ నిలిచాయి. ఒక ఇంట్లో ఆడపిల్ల పుట్టింది. నాకు కబురు పెట్టలేదు, నేను విన్నాను. వాళ్లెవరూ ఇప్పుడు మా కొట్టు వైపు రారు. వాళ్లకు తెలిసింది సగమే. మిగతా సగం చెప్పుకోవడానికి నాకూ మొహం లేదు.

నేను ఇంటికి వచ్చేసరికి రెండైంది. సందు చివర కారు లేదు. ఎదురు కొట్టు తాళాలాయన రోడ్డు మీదే నిలబడి ఉన్నాడు. లోపలికి పోకముందే నన్ను ఆపి, నేల చూస్తూ చెప్పాడు.

"పదకొండున్నరకి వచ్చారమ్మా. ఆవిడ సిద్ధంగానే ఉంది. సంచి సర్దుకుని, పిల్లకి చెప్పులేసి, చెయ్యి పట్టుకుని బయటికొచ్చింది. వాళ్లు కాగితం చూసి, ఒక్కరే అన్నారు. ఇద్దరం అంది. కాగితంలో ఒక్కరే ఉన్నారన్నారు. నా కూతురండీ, మళ్లీ చూడండి అంది. రెండు వేళ్లూ ఎత్తి చూపించింది. అరవలేదు, పాపం, చాలాసార్లు చెప్పింది. వ్యాను ఎక్కాక కూడా అదే చెబుతోంది. లెక్క తేడా వస్తే మాకు మాటొస్తుందని, పిల్ల చెయ్యి విడిపించి నా చేతికిచ్చి పోయారు."

ఆయన చెప్పడం అయిపోయాక కూడా నేను అక్కడే నిలబడ్డాను. నా మాట వల్ల పిల్ల మిగిలింది. నా మాట వల్ల తల్లి, తన పిల్లను తీసుకెళ్లనివ్వమని వాళ్లను బతిమాలుకుంది. ఆ కాగితంలో ఒకటి ఎలా పడిందో ఆమెకు ఈపాటికి అర్థమై ఉంటుంది. తెలివైన మనిషి. వ్యాను సందు దాటకముందే అర్థమై ఉంటుంది. నేను కాపాడానో, నాకు లేని పిల్లను లాక్కున్నానో ఆమే చెప్పాలి, నేను చెప్పుకుంటే చెల్లదు.

లోపల పిల్ల తల్లి మిషన్ ముందు స్టూలు మీద కూర్చుని ఉంది. చెప్పులు విప్పలేదు. ఏడ్చి ఏడ్చి మానేసిన ముఖం. నన్ను చూసి దిగలేదు, కొంగు కూడా పట్టుకోలేదు.

"పెద్దమ్మా, అమ్మ ఇద్దరం అని చెప్పింది. వేళ్లు కూడా చూపించింది. వాళ్లకి లెక్క రాదా?" అంది.

"రాదమ్మా" అన్నాను.